అప్పు చేసే ముందు ఒక లెక్క



మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల కాలేజీల్లో ఇంజనీరింగు మూడో ఏడు, నాలుగో ఏడు చదువుతున్న పిల్లలతోనూ, వాళ్ళను చదివిస్తున్న తల్లిదండ్రులతోనూ ఈ పూట కాసేపు మాట్లాడాలని వచ్చాను. నేను గణాంకశాస్త్రం చెప్పే మాస్టారిని. ఏటా సెప్టెంబరు, అక్టోబరు వచ్చేసరికి సిఫారసు ఉత్తరాల కోసం పిల్లలు వస్తారు. ఒకప్పుడు అందరూ కంప్యూటర్ సైన్సులో ఎంఎస్ అనేవారు. ఇప్పుడు లెక్కలు బాగా వచ్చిన కొందరు ‘సార్, క్వాంట్ అవుదామనుకుంటున్నాను, ఫైనాన్షియల్ ఇంజనీరింగులో ఎంఎస్ చేస్తాను’ అంటున్నారు. ఈ మాటల్లో ఇంట్లోవాళ్ళకు అర్థమయ్యేది ఒక్కటే, అరవై లక్షలో ఎనభై లక్షలో అప్పు చేయాలని. మిగతాది అర్థం కాకపోయినా బిడ్డ మీద నమ్మకంతో ప్లాటు కాగితాలు బీరువాలోంచి తీస్తారు. ఆ కాగితాలు బ్యాంకుకు చేరేలోపు చేయవలసిన లెక్క ఒకటుంది.

అసలు ఈ ఉద్యోగం ఏమిటో ముందు తల్లిదండ్రులకు చెప్పాలి. మన వైపు ప్లాటు కొనేటప్పుడు బయానా ఇస్తాం కదా. మూడు నెలల్లో ఫలానా ధరకు కొంటానని అగ్రిమెంటు రాసుకొని కొంత సొమ్ము చేతిలో పెడతాం. ఈలోగా ఆ పక్కన రోడ్డు పడి ధర పెరిగితే పాత ధరకే కొనుక్కుంటాం. ధర పడిపోతే బయానా వదులుకొని తప్పుకుంటాం. షేర్ల మీద ఇలాంటి ఒప్పందాన్నే ఆప్షన్ అంటారు. మరి ఆ బయానా ఎంత ఉండాలి? ఎక్కువైతే కొనేవాడికి నష్టం, తక్కువైతే అమ్మేవాడికి నష్టం. ఇలాంటి లెక్కలు గణితంతో కట్టేవాళ్ళే క్వాంట్లు. న్యాయమైన మొత్తం ఎంతో లెక్కకట్టే సూత్రాన్ని ఫిషర్ బ్లాక్, మైరన్ షోల్స్ 1973లో ప్రచురించారు. అదే ఏడు ఏప్రిల్‌లో షికాగోలో ఆప్షన్ల కోసమే ఒక ఎక్స్చేంజి తెరిచారు. రాబర్ట్ మెర్టన్ ఆ సిద్ధాంతాన్ని విస్తరించాడు. 1997లో షోల్స్‌కూ మెర్టన్‌కూ నోబెల్ వచ్చింది. బ్లాక్ అప్పటికి చనిపోయి రెండేళ్ళయింది.

ఆ సూత్రం వెనకాల ఉన్న గణితం, వేడి ఒక లోహపు కడ్డీలో ఎలా పాకుతుందో చెప్పే గణితానికి దగ్గరి చుట్టం. అందుకే భౌతికశాస్త్రం చదివినవాళ్ళకు వాల్ స్ట్రీట్ తలుపులు తెరుచుకున్నాయి. ఇమాన్యుయెల్ డెర్మన్ అనే ఆయన కణభౌతికశాస్త్రంలో పీహెచ్‌డీ చేసి, బెల్ ల్యాబ్స్‌లో పనిచేసి, 1985లో గోల్డ్‌మన్ శాక్స్‌లో చేరాడు. ఆ తరంవాళ్ళు ఎవరూ ‘క్వాంటిటేటివ్ ఫైనాన్స్’ అనే డిగ్రీ చదవలేదు, ఎందుకంటే అప్పుడు ఆ డిగ్రీ లేదు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం కంప్యుటేషనల్ ఫైనాన్సులో మాస్టర్స్ పెట్టింది 1994లో. అంటే వృత్తి పుట్టిన ఇరవై ఏళ్ళకు డిగ్రీ వచ్చింది. ఈ వరస గుర్తుంచుకోండి. ఈ వృత్తికి కావలసింది గణితం, సంభావ్యత, ప్రోగ్రామింగు. డిగ్రీ వాటిని నేర్పే దారుల్లో ఒకటి, ఖరీదైన దారి.

మన దగ్గర నేషనల్ స్టాక్ ఎక్స్చేంజి 2000 జూన్‌లో నిఫ్టీ ఫ్యూచర్స్, 2001 జూన్‌లో నిఫ్టీ ఆప్షన్స్ మొదలుపెట్టింది. హైదరాబాదుకు ఈ వృత్తి అంతకంటే ముందే వచ్చింది. కొలంబియా విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్సు చెప్పిన డేవిడ్ షా 1988లో న్యూయార్క్‌లో ఒక సంస్థ పెట్టాడు. ఆ డీ. ఈ. షా సంస్థ 1996లోనే హైదరాబాదులో ఆఫీసు తెరిచింది. ఇప్పుడు నగరానికి పడమటి వైపు గోల్డ్‌మన్ శాక్స్, జేపీ మోర్గాన్, వెల్స్ ఫార్గో, యూబీఎస్ వంటి పెద్ద పేర్లన్నీ ఉన్నాయి. మేడ్చల్ దగ్గర ఔటర్ ఎక్కితే నానక్‌రామ్‌గూడలో దిగవచ్చు. అమెరికా చదువు గురించి ఆలోచించే ముందు ఈ ఇరవై ముప్పై మైళ్ళ దూరంలో ఉన్నదేమిటో తెలుసుకోవడం మంచిది. చాలామంది పిల్లలు తెలుసుకోరు. సిలికాన్ వ్యాలీలో ఏ సందులో ఏ కంపెనీ ఉందో చెప్పగలిగిన పిల్లవాడికి, మన ఊళ్ళో ఒక బ్యాంకు ఆఫీసులో మోడల్ వ్యాలిడేషన్ అనే విభాగంలో గణితం చదివినవాళ్ళు రోజంతా ఏం చేస్తారో తెలియదు.

ఆ విభాగం మాటే ముందు చెబుతాను. 2008 సంక్షోభంలో బ్యాంకులు నమ్ముకున్న లెక్కలు తప్పాయి. ఆ తరువాత 2011 ఏప్రిల్‌లో అమెరికా ఫెడరల్ రిజర్వు ఒక మార్గదర్శకం ఇచ్చింది. బ్యాంకు వాడే ప్రతి గణిత నమూనానూ, దాన్ని తయారుచేసినవాళ్ళు కాకుండా వేరేవాళ్ళు పరీక్షించాలన్నది దాని సారం. ఆ పనికి మనుషులు కావలసి వచ్చారు. ఆ పనిలో పెద్ద వాటా మన దేశానికి వచ్చింది. ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్, ఎమ్మెస్సీ మ్యాథ్స్, ఎంఏ ఎకనామిక్స్ చదివినవాళ్ళకు ఇక్కడ చోటుంది. ఇక్కడ పీజీ పనికొస్తుంది, ఆ పీజీ హైదరాబాదులో చేసినా పనికొస్తుంది.

ఆ విభాగానికి పక్క గది క్వాంట్ డెవలపర్లది. గణితం రాసినవాళ్ళ లెక్కను వేగంగా, తప్పు లేకుండా నడిచే ప్రోగ్రాముగా మార్చడం వాళ్ళ పని. సీ ప్లస్ ప్లస్, పైథాన్ గట్టిగా వస్తే బీటెక్ చాలు. వేగంగా ట్రేడింగు చేసే సంస్థలు కూడా డిగ్రీ పేరు కంటే, ఇంటర్వ్యూలో ఇచ్చిన సంభావ్యత లెక్కను ఎలా ఆలోచించారో ఎక్కువ చూస్తాయి. కాకపోతే ఆ సంస్థలు అన్ని కాలేజీలకూ రావు. ఇది చేదు నిజం, దాచి లాభం లేదు. ఇక చివరి గది పరిశోధనది. కొత్త నమూనా కనిపెట్టేవాళ్ళు, కొత్త సంకేతాలు వెతికేవాళ్ళు ఇక్కడ ఉంటారు. ఇందులో పీహెచ్‌డీలే ఎక్కువ. ఏ గదిలో కూర్చోవాలనుకుంటున్నావో తేల్చుకోకుండా పీజీ చేయాలా వద్దా అని అడిగితే ఏ మాస్టారూ జవాబు చెప్పలేడు.

పై చదువు మాట వచ్చింది కాబట్టి మన తెలుగువాడి సంగతి ఒకటి చెప్పాలి. కల్యంపూడి రాధాకృష్ణారావు గారు, ప్రపంచానికి సీ. ఆర్. రావు. 1920 సెప్టెంబరు 10న ఇప్పటి కర్ణాటకలో ఉన్న హడగళిలో తెలుగు కుటుంబంలో పుట్టారు. తండ్రి పోలీసు శాఖలో ఇన్‌స్పెక్టరు. బదిలీల మీద బదిలీలు. చివరికి విశాఖపట్నంలో స్థిరపడ్డారు. రావు గారు ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితంలో ఎంఏ చేశారు. పరిశోధనకు స్కాలర్‌షిప్ దొరకలేదు, దరఖాస్తు ఆలస్యమైందన్నారు. ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్ళారు. అదీ రాలేదు. అక్కడ ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణ పొందుతున్న ఒకాయన పరిచయమై ఆ సంస్థ గురించి చెప్పాడు. 1941 జనవరిలో అక్కడ చేరారు. అదే ఏడు కలకత్తా విశ్వవిద్యాలయం స్టాటిస్టిక్స్‌లో ఎంఏ మొదలుపెట్టింది. ఆ మొదటి బ్యాచిలో చదివి 1943లో బంగారు పతకంతో బయటికి వచ్చారు.

మన పిల్లలు గమనించవలసిన ఘట్టం దీని తరువాతది. 1946లో ఆయన కేంబ్రిడ్జికి వెళ్ళారు. అక్కడి మ్యూజియంలో, సూడాన్ తవ్వకాల్లో దొరికిన అస్థిపంజరాల కొలతలను విశ్లేషించాలి. కలకత్తా ఇన్‌స్టిట్యూట్ స్థాపకుడు మహలనోబిస్ కనిపెట్టిన దూరపు కొలతతో ఆ పని చేయగలవాళ్ళు కావాలని అక్కడివాళ్ళు అడిగారు. చేతిలో ఉన్న విద్య కోసం పిలిచారు, పనికి డబ్బిచ్చారు. ఆ పని చేస్తూనే గణాంకశాస్త్రవేత్త ఆర్. ఏ. ఫిషర్ దగ్గర పీహెచ్‌డీకి నమోదై 1948లో పట్టా తీసుకున్నారు. పై చదువు కోసం విదేశం వెళ్ళారు, నిజమే. కానీ వెళ్ళేనాటికే ఆయన నిరూపించిన ఒక సిద్ధాంతం అచ్చయి ఉంది.

ఆ సిద్ధాంతం గురించి రెండు ముక్కలు చెప్పకుండా ముందుకు పోలేను, ఎందుకంటే ఈ ప్రసంగానికంతటికీ ఆధారం అదే. కలకత్తాలో ఆయన పాఠం చెబుతున్నప్పుడు దాండేకర్ అనే విద్యార్థి ఒక ప్రశ్న వేశాడు. సమాచారం అపారంగా ఉన్నప్పుడు వర్తించే ఫిషర్ ఫలితం, కొద్దిపాటి సమాచారం ఉన్నప్పుడు కూడా చెప్పగలమా అని. రావు గారు ఇంటికి వెళ్ళి ఆలోచించి మర్నాటికి జవాబుతో వచ్చారు. 1945లో అది అచ్చయింది. అప్పటికాయనకు ఇరవై నాలుగేళ్ళు. స్వీడన్‌కు చెందిన క్రామర్ పేరుతో కలిపి ప్రపంచమంతా క్రామర్-రావు హద్దు అంటుంది. దాని సారం ఇంతే: నీ దగ్గరున్న సమాచారం ఎంతో, నీ అంచనాకు ఉండగల కచ్చితత్వం దాన్ని దాటదు. ఎంత తెలివైన పద్ధతి వాడినా, పక్షపాతం లేని అంచనా ఆ హద్దు లోపలే ఉంటుంది. 2023లో ఆయనకు స్టాటిస్టిక్స్ అంతర్జాతీయ బహుమతి వచ్చింది. అదే ఏడు ఆగస్టులో నూట రెండేళ్ళు నిండిన వయసులో కన్నుమూశారు.

ఫైనాన్సులో ఈ హద్దు ఎంత గట్టిగా తగులుతుందో చూడండి. ఒక షేరు ఏటా సగటున 10 శాతం పెరుగుతుందనుకుందాం, ఏటి ఒడిదుడుకులు 20 శాతం అనుకుందాం. ఇరవై ఐదేళ్ళ ధరలు ముందు పెట్టుకొని ఆ సగటును అంచనా వేస్తే, అంచనాలో వచ్చే ప్రామాణిక దోషం 20ని 25 వర్గమూలంతో, అంటే 5తో భాగించినంత. నాలుగు శాతం. అటూ ఇటూ రెండింతలు తీసుకుంటే అసలు సగటు 2 శాతం కావచ్చు, 18 శాతం కూడా కావచ్చు. పావు శతాబ్దం సమాచారంతో ఇంతకు మించి చెప్పలేం. క్వాంట్ కావాలనుకునే పిల్లవాడికి నేను మొదటి రోజు చెప్పే పాఠం ఇది.

ఇదే పాఠాన్ని తన నిర్ణయానికి వర్తింపజేసుకోమంటాను. ఎంఎస్ చేస్తే బాగుంటుందని నీకు ఎలా తెలుసు? ‘మా సీనియర్ ఒకన్న న్యూయార్క్‌లో ఉన్నాడు సార్.’ ఒకే ఒక్క పరిశీలన. ‘కన్సల్టెన్సీవాళ్ళు చెప్పారు.’ సీటు ఇప్పిస్తే వాళ్ళకు డబ్బు వస్తుంది, కాబట్టి అది పక్షపాతం ఉన్న అంచనా. మేడ్చల్ రోడ్డు మీద బస్సులో వస్తుంటే కాలేజీల ఫ్లెక్సీలు కనిపిస్తాయి. పెద్ద ప్యాకేజీ వచ్చినవాళ్ళ ఫొటోలు, కింద లక్షల అంకెలు. ఉద్యోగం రాక ఇంట్లో కూర్చున్నవాడి ఫొటో ఏ ఫ్లెక్సీ మీదా వేయరు. గెలిచినవాళ్ళను మాత్రమే లెక్కలోకి తీసుకున్న శాంపిల్ అది. విదేశీ విశ్వవిద్యాలయాలు చాలావరకు ఏటా ప్లేస్‌మెంట్ నివేదికలు విడుదల చేస్తాయి. వాటిని చదవండి. గరిష్ఠ జీతం పక్కన పెట్టి మధ్యమ జీతం చూడండి. ఆ సర్వేకు తరగతిలో ఎంతమంది జవాబిచ్చారో చూడండి. విదేశీ విద్యార్థుల లెక్క విడిగా ఇచ్చారో లేదో చూడండి. ఇవ్వకపోతే ఉత్తరం రాసి అడగండి. అడగడానికి రూపాయి ఖర్చు కాదు.

ఇక అప్పు. పదిన్నర శాతం వడ్డీ మీద అరవై లక్షలు, పదేళ్ళ గడువు అనుకుందాం. నెల వాయిదా సుమారు ఎనభై ఒక్క వేలు. పదేళ్ళలో కట్టేది మొత్తం తొంభై ఏడు లక్షలు. చదువుకునే రెండేళ్ళలో పెరిగే వడ్డీని దీనికి కలపనే లేదు. డాలరు 85 రూపాయల లెక్కన ఈ వాయిదా నెలకు 950 డాలర్లు. అమెరికాలో మంచి ఉద్యోగం ఉంటే ఇబ్బంది పడకుండా కట్టవచ్చు. అదే మనిషి చదువు ముగించుకొని తిరిగి వచ్చి, హైదరాబాదులో నెలకు లక్ష చేతికొచ్చే ఉద్యోగంలో చేరితే అందులో ఐదింట నాలుగు వంతుల పైన వాయిదాకే పోతుంది. కాబట్టి ఈ అప్పు చదువు మీద చేస్తున్న అప్పని అనుకోకండి. చదువు తరువాత ఆ దేశంలోనే ఉద్యోగం దొరుకుతుందన్న ఊహ మీద చేస్తున్న అప్పు ఇది.

ఆ ఊహ ఎంత గట్టిది? అమెరికాలో ఫైనాన్షియల్ ఇంజనీరింగు కోర్సులు చాలావరకు స్టెమ్ జాబితాలో ఉన్నాయి. కాబట్టి చదువయ్యాక మొత్తం మూడేళ్ళు అక్కడ పనిచేయవచ్చు. ఆ తరువాత హెచ్-1బి. దానికి ఏడాదికి 85 వేల పరిమితి, లాటరీ. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. అక్కడే చదువుకుంటూ అక్కడే వీసా మార్చుకునేవాళ్ళకు అది వర్తించదని అక్టోబరులో వివరణ ఇచ్చారు. రెండేళ్ళ తరువాత ఏ నియమం ఉంటుందో దాన్ని రాసేవాళ్ళకే తెలియదు. రూపాయి సంగతి కూడా చూడండి. 2011 నడుమ డాలరు 45 రూపాయల దగ్గర ఉండేది. 2024 చివరికి 85 అయింది. మొదటి ఏడాది ఫీజు కట్టిన ధరకు రెండో ఏడాది ఫీజు కట్టగలమన్న భరోసా లేదు.

ఇక్కడ నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను. రెండు కుటుంబాలు అనుకోండి. ఇద్దరు పిల్లలూ సమానమైన తెలివిగలవాళ్ళే, ఇద్దరికీ ఒకే విశ్వవిద్యాలయంలో సీటు వచ్చింది. పదిలో ఏడు వంతులు మంచి ఉద్యోగం వస్తుంది, మూడు వంతులు రాదు అని మాటవరసకు అనుకుందాం. మొదటి ఇంట్లో తండ్రికి పింఛను ఉంది, ఉండే ఇల్లు కాక ఇంకో స్థలం ఉంది. రెండో ఇంట్లో ఉన్నది ఆ ఒక్క ఇల్లే, అదే తాకట్టు పెడుతున్నారు. సగటు లాభం లెక్క చూస్తే ఇద్దరికీ ఒకటే. అయినా నేను మొదటి పిల్లను వెళ్ళమంటాను, రెండో పిల్లను ఇప్పుడు వద్దంటాను. బెల్ ల్యాబ్స్‌లో జాన్ కెల్లీ 1956లో చూపించింది ఇదే. లాభసాటి పందెంలో కూడా ఎంత ఒడ్డాలనేదానికి ఒక కొలత ఉంది, ఆ కొలతను బాగా దాటి ఒడ్డుతూ పోతే చివరికి మిగిలేది ఏమీ ఉండదు. దరఖాస్తుకు జతచేసే ఎస్ఓపీ వ్యాసంలో రిస్కు మేనేజ్‌మెంటు గురించి రాసే బిడ్డ, అమ్మానాన్నల ఇంటి మీద పడే రిస్కును కూడా అంతే శ్రద్ధగా కొలవాలి. ఈ మాట కటువుగా ఉందని తెలుసు. మనవాళ్ళు తమ భయం పిల్లలకు చెప్పరు, వాళ్ళ ముందు ధైర్యంగా సంతకం పెడతారు. అందుకని పిల్లలే అడగాలి.

ఖరీదైన పరీక్షకు ముందు ఖర్చు లేని పరీక్ష ఒకటి చేసి చూడమంటాను. స్టీవెన్ శ్రీవ్ రాసిన ‘స్టొకాస్టిక్ కాల్క్యులస్ ఫర్ ఫైనాన్స్’ మొదటి సంపుటం తీసుకోండి. అందులో బైనామియల్ నమూనా ఉంటుంది, కలన గణితం లేకుండానే మొదలుపెట్టవచ్చు. ఒక సెలవుల కాలమంతా దానికివ్వండి. అభ్యాసాలన్నీ కాగితం మీద చేయండి. తరువాత పైథాన్‌లో నిఫ్టీ ఆప్షన్ ధర లెక్కగట్టే చిన్న ప్రోగ్రాము రాయండి. నేషనల్ స్టాక్ ఎక్స్చేంజి వెబ్‌సైటులో ఆప్షన్ చెయిన్ అనే పట్టిక అందరికీ కనిపిస్తుంది. మీ లెక్కను ఆ ధరలతో పోల్చి చూడండి. సరిపోదు. బ్లాక్, షోల్స్ ఒడిదుడుకుల శాతం అన్ని స్ట్రైక్ ధరలకూ, అంటే ఒప్పందంలో రాసుకున్న ధరలకూ, ఒకటే అనుకున్నారు. పట్టికలో అది ఒక్కో స్ట్రైక్‌కు ఒక్కోలా ఉంటుంది. బాగా కింది ధరల దగ్గర ఎందుకు ఎక్కువ? మార్కెట్టు ఒక్కసారిగా కూలుతుందన్న భయానికి జనం చెల్లిస్తున్న ధర ఎంత? ఈ ప్రశ్నల వెంట పడి రెండో సంపుటం మీ అంతట మీరే తెరిచారంటే ఈ చదువు మీకు సరిపోతుంది. రెండో అధ్యాయం దగ్గర విసుగు పుట్టిందా, అది కూడా విలువైన సమాచారమే. ఆ విసుగు అమెరికా వెళ్ళాక పుడితే ఎంత ఖరీదో ఇందాకే లెక్క చెప్పాను.

పోల్చి చూడమన్నాను గానీ డబ్బు పెట్టి ఆడమనలేదు. ఇది ప్రాధేయపడి చెబుతున్నాను. షేర్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబరులో ఒక అధ్యయనం విడుదల చేసింది. అంతకుముందు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో ఆడిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. అందరి నష్టం కలిపి లక్షా ఎనభై వేల కోట్లు దాటింది. 2024 మార్చితో ముగిసిన ఏడాదిలో విదేశీ సంస్థలకు వచ్చిన లాభంలో 97 శాతం, సంస్థలు తమ సొంత సొమ్ముతో చేసే ట్రేడింగులో వచ్చిన లాభంలో 96 శాతం ఆల్గోరిథంల ద్వారా వచ్చినవే. హాస్టలు గదిలో ఫోను పట్టుకొని ఆప్షన్ కొంటున్న పిల్లవాడికి ఎదురుగా ఉన్నది ఎవరో ఈ అంకెలు చెబుతున్నాయి. ఈ వృత్తిలోకి వెళ్ళాలనుకునేవాళ్ళు కూడా ఈ అంకెలు ఒకసారి నిలబడి చూడాలి. రేపు తాము కూర్చోబోయే కుర్చీ ఏ వైపున ఉంది, అక్కడ సంపాదించే డబ్బు ఎవరి దగ్గరినుంచి వస్తోంది అన్నది అడగదగిన ప్రశ్న. పింఛను నిధుల రిస్కు కొలిచేవాళ్ళూ, బ్యాంకు లెక్కల్లో తప్పులు పట్టేవాళ్ళూ కూడా క్వాంట్లే. ఆ పని పేరు అంతగా మోగదు, దాని అవసరం మాత్రం పెద్దది.

ఇక మన చుట్టుపక్కల కాలేజీల మాటకు వద్దాం. శామీర్‌పేట వైపున్న బిట్స్ పిలానీ హైదరాబాద్ క్యాంపస్ 2008లో మొదలైంది. అక్కడ ఎమ్మెస్సీ మ్యాథమెటిక్స్‌లోనో ఎకనామిక్స్‌లోనో చేరి, తరువాత ఇంజనీరింగు డిగ్రీ కూడా కలుపుకొనే పద్ధతి ఉంది. ప్రాక్టీస్ స్కూల్ పేరుతో డిగ్రీ పూర్తికాకముందే కొన్ని నెలలు సంస్థల్లో పనిచేస్తారు. ఈ పిల్లలు ఆ నెలలనే తమ పరీక్షగా వాడుకోవచ్చు. ఇంకో పీజీ నిజంగా కావాలో లేదో అక్కడే తేలిపోతుంది. కండ్లకోయ వైపు, మైసమ్మగూడ వైపు కాలేజీల్లో చదివే పిల్లలకు అలాంటి సౌకర్యం తక్కువ. ఒకటి రెండు సెమిస్టర్లలో గణితం ముగిసిపోతుంది, ఆ తరువాత అంతా కోడింగే. తెలివి ఉండి, గణిత పునాది పలుచగా ఉన్న ఈ పిల్లలకు పీజీ అవసరం నిజానికి ఎక్కువ. అది అరవై లక్షల పీజీయే కానక్కర్లేదు.

ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ ఎంస్టాట్‌కు ట్యూషన్ ఫీజు లేదు, పైగా చిన్న స్టైపెండ్ ఇస్తారు. క్వాంటిటేటివ్ ఎకనామిక్స్‌లో కూడా అక్కడ మాస్టర్స్ ఉంది. ప్రవేశ పరీక్ష కష్టం, ఆ కష్టమే మీ గణితాన్ని నిలబెడుతుంది. ఐఐటీల్లో ఎమ్మెస్సీకి జామ్ పరీక్ష రాయాలి. గేట్ రాసి ఎంటెక్‌లో చేరితే నెలకు 12,400 రూపాయలు ఇస్తారు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో స్టాటిస్టిక్స్ ఉంది, అదే ఆవరణలో సీ. ఆర్. రావు గారి పేరిట గణితం, స్టాటిస్టిక్స్, కంప్యూటర్ సైన్సు పరిశోధన సంస్థ ఉంది. ఉద్యోగం చేసుకుంటూ చదవాలనుకుంటే వరల్డ్‌క్వాంట్ యూనివర్సిటీ ఫైనాన్షియల్ ఇంజనీరింగులో ఎమ్మెస్సీని ఆన్‌లైన్‌లో ట్యూషన్ ఫీజు లేకుండా నేర్పుతోంది. ఆ పట్టా చూసి ఎవరూ ఉద్యోగం ఇచ్చేయరు, కానీ అది పూర్తిచేయగలిగినవాళ్ళకు విషయం వస్తుంది.

ఇంకో దారి గురించి మనవాళ్ళు అస్సలు ఆలోచించరు. అమెరికాలో స్టాటిస్టిక్స్, గణితం, ఆపరేషన్స్ రీసెర్చ్ పీహెచ్‌డీకి చేరేవాళ్ళకు సాధారణంగా ట్యూషన్ మాఫీ ఉంటుంది, పాఠాలు చెప్పినందుకు జీవనానికి సరిపడా డబ్బిస్తారు. ఐదేళ్ళు పడుతుంది, ఓర్పు కావాలి, సీటు దొరకడం కష్టం. కానీ ఇంటి కాగితాలు తాకట్టు పెట్టనక్కర్లేదు. పరిశోధన గదిలో కూర్చోవాలని నిజంగా కోరుకునే పేదింటి బిడ్డకు, అప్పు చేసి చదివే రెండేళ్ళ ఎంఎస్ కంటే ఇదే భద్రమైన దారి అని నా నమ్మకం. ‘ఐదేళ్ళా, అప్పటికి పెళ్ళి ఎప్పుడు?’ అని ఆడపిల్లల తల్లులు అడుగుతారు. వాళ్ళ ఆదుర్దా నాకు తెలుసు. అయినా చెబుతున్నాను, తరగతిలో మొదటి వరసలో కూర్చొని మార్టింగేల్ నిరూపణ నాకంటే చక్కగా బోర్డు మీద రాసిన అమ్మాయిలను చూశాను. వాళ్ళలో కొందరికి ఇంట్లో పెళ్ళి ఖర్చుకు డబ్బుంది, చదువుకు లేదన్నారు. అమ్మా, ఆ లెక్క మరొకసారి వేయండి.

ఇక చేతిలో సీటూ ఉద్యోగమూ రెండూ ఉన్నవాళ్ళ మాట. నానక్‌రామ్‌గూడలో ఏదో బ్యాంకులో రిస్కు విభాగంలో ఉద్యోగం వచ్చింది, అవతల అమెరికాలో సీటూ వచ్చింది. సీటు వదులుకుంటే మళ్ళీ రాదేమోనని భయం. ఆప్షన్ల సిద్ధాంతం చదివినవాళ్ళు ఇక్కడ దాన్ని వాడాలి. వేచి చూసే హక్కుకు విలువ ఉంది. అనిశ్చితి ఎంత ఎక్కువుంటే ఆ విలువ అంత ఎక్కువ. వీసా నియమాలు ఇంతగా ఊగుతున్న కాలంలో ఆ హక్కును ఉట్టినే వదులుకోకూడదు. సీటును ఏడాది వాయిదా వేయమని విశ్వవిద్యాలయానికి రాయండి. కొన్ని ఒప్పుకుంటాయి, కొన్ని డిపాజిట్ కట్టమంటాయి. ఏడాది పని చేశాక ఆ వృత్తి మీకు తెలుస్తుంది, చేతిలో కొంత సొమ్ము ఉంటుంది, ఎస్ఓపీలో రాసుకోవడానికి సొంత అనుభవం ఉంటుంది. రెండేళ్ళు దాటనివ్వకండి. వాడకపోతే గణితం చేతి నుంచి జారిపోతుంది, ఇంట్లో బాధ్యతలు పెరుగుతాయి.

ఈ ఏడాది నాలుగో సంవత్సరంలో ఉన్నవాళ్ళకు తేదీల సంగతి చెప్పి సెలవు తీసుకుంటాను. జామ్ దరఖాస్తులు సెప్టెంబరులో మొదలవుతాయి, పరీక్ష ఫిబ్రవరిలో. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ ప్రవేశ పరీక్ష మామూలుగా మే నెలలో ఉంటుంది. అమెరికా విశ్వవిద్యాలయాలకు చాలావాటికి డిసెంబరు, జనవరిల్లో గడువు ముగుస్తుంది. రెండు వైపులా దరఖాస్తు పెట్టండి. సిఫారసు ఉత్తరం కావాలంటే మీ మాస్టార్లను నెల ముందే అడగండి, అడిగేటప్పుడు మీరు చేసిన అభ్యాసాల నోట్సు వెంట తీసుకెళ్ళండి.